రెండో సాక్షి

శివకోడు,
రాజోలు తాలూకా,
12-7-1978

తమ్ముడు సాలమోనుకి,

నేను చెబుతుంటే విజయ రాస్తోంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకోదలిస్తే దాన్ని మెచ్చుకో. మాటలు మొరటుగా ఉన్నాయని తిట్టదలిస్తే నన్ను తిట్టు. మరదలు పుష్పలతకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఇక్కడ వారం రోజులుగా ఒకటే ముసురు.

నా రెండో కన్ను కూడా మొదటిదాని దారే పట్టింది. మనుషులు కనబడతారు గాని మొహాలు కనబడవు. మిషను ఆసుపత్రిలో ముప్ఫై మూడేళ్ళు పురుళ్ళు పోసినదాన్ని, ఎదురుగా నిలబడినది ఎవరో గొంతు విని పోల్చుకోవాల్సి వస్తోంది. ఆపరేషను చేయించుకోమంటావేమో. మొదటి కన్నుకి చేయించుకున్న వైభోగం చాలు.

అసలు సంగతికొస్తాను. నేను వీలునామా రాయిద్దామనుకుంటున్నాను. కంగారుపడి రైలెక్కకు, ఇప్పుడప్పుడే పోయేటట్టు లేను. ఈ ఇల్లు, ముప్ఫై సెంట్ల దొడ్డి, అందులో పద్దెనిమిది కొబ్బరిచెట్లు నా జీతంతో నా పేరున కొన్నవని నీకు తెలుసు. మీ బావ పోయి పన్నెండేళ్ళయింది. పిల్లల్లేరు. విజయ మూడు రోజుల గుడ్డుగా నా చేతికొచ్చింది. కన్నతల్లి ఆసుపత్రి మంచం మీద దాన్ని వదిలేసి తెల్లారేసరికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి అది నా కూతురే. ట్రైనింగు చదివించి ఇశ్రాయేలు మేష్టారికిచ్చి చేశాను. వాళ్ళూ వాళ్ళ పిల్లలిద్దరూ నా దగ్గరే ఉంటున్నారు. నా తదనంతరం ఇదంతా దానికే చెందాలి.

ఇంత తొందర ఎందుకంటే, మొన్న మన అన్నయ్య కొడుకు ఏసుదాసు అమలాపురం నుంచి వచ్చాడు. ఎన్నడూ లేనిది ఓ అరటిపళ్ళ అత్తం పట్టుకొచ్చాడు. దొడ్డంతా కలియదిరిగి, ఎన్ని చెట్లు కాపుకొచ్చేయత్తా అని అడిగాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి విజయకి వినబడేలా, "రక్తం పంచుకున్నోళ్ళం మేమున్నామత్తా, మర్చిపోకండి" అన్నాడు. ఆ పూట విజయ అన్నం ముట్టలేదు. ఈ ముక్క రాయనని కలం పక్కన పెట్టేసింది. రాయమని నేనే కసిరాను.

నువ్వు మున్సిఫ్ కోర్టులో శిరస్తాదారుగా చేసినవాడివి. వీలునామా ఎలా రాస్తే రేపు ఎవడూ కాదనలేడో విడమరిచి రాయి. నిన్ను చదివించింది ఇలాంటి రోజుకి కాకపోతే మరెందుకు?

నీ అక్క,
దానమ్మ


విజయనగరం,
21-7-1978

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. పుష్పలత మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం బాగా పనిచేస్తోంది.

మంచి ఆలోచన చేశావు. వీలునామా లేకపోతే ఏమవుతుందో ముందు తెలుసుకో. మన క్రైస్తవులకి చట్టంలో దత్తత లేదు. విజయను నువ్వు పెంచావని లోకానికి తెలుసు, కోర్టుకు తెలియదు. నువ్వు ఏమీ రాయకుండా పోతే నీ ఆస్తి సగం నాకూ, సగం పోయిన అన్నయ్య వాటా కింద ఏసుదాసుకూ వస్తుంది. ఆ పిల్లకి కొబ్బరాకు కూడా రాదు. నాకు నీ ఆస్తి అక్కర్లేదు. పింఛను వస్తోంది, కొడుకులు ఉద్యోగాల్లో ఉన్నారు. ఈ మాట నువ్వు అడక్కుండానే రాసి పెడుతున్నాను.

ఇక పద్ధతి చెబుతాను, విజయ చేత విడిగా ఒక కాగితం మీద రాయించి ఉంచు. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆస్తికి నాలుగు వైపులా హద్దులు స్పష్టంగా ఉండాలి. ఏసుదాసుకి ఎందుకివ్వడం లేదో ఒక్క వాక్యం ఉండాలి, లేకపోతే మరిచిపోయావంటారు. నీకు చూపు లేదు కనుక రాసినదంతా నీకు చదివి వినిపించాలి, వినిపించినట్టు చివర రాయాలి. నీ మతి నిలకడగా ఉందని డాక్టరు చేత అదే రోజు ఒక చీటీ తీసుకో. సంతకం జరిగే వేళ విజయ ఆ గదిలో ఉండకూడదు. ఉంటే ఒత్తిడి చేసి రాయించుకుందని అంటారు.

సాక్షులు ఇద్దరు. నువ్వు వాళ్ళ ఎదుట సంతకం చెయ్యాలి, వాళ్ళు నీ ఎదుట చెయ్యాలి. నమ్మకస్తులై ఉండాలి, ఊళ్ళోనే ఉండేవాళ్ళై ఉండాలి, వయసులో చిన్నవాళ్ళై ఉండాలి. ముసలివాళ్ళని పెడితే వాళ్ళు నీకంటే ముందే పోతారు. సమాధిలోంచి లేచొచ్చి ఎవరూ సాక్ష్యం చెప్పరు.

ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో వీలునామా తగాదాలు ఎన్ని చూశానో లెక్కలేదు. నేను చెప్పినట్టు చేస్తే హైకోర్టు కూడా దాంట్లో వేలు పెట్టలేదు.

నీ తమ్ముడు,
సాలమోను


శివకోడు,
3-9-1978

తమ్ముడు సాలమోనుకి,

పని అయిపోయింది. మొన్న గురువారం అయింది. రాజోలు నుంచి దస్తావేజు లేఖరి సూర్యప్రకాశరావు గారిని పిలిపించాం. వానలో రిక్షా మీద తడుస్తూ వచ్చారు పాపం. వచ్చీరాగానే నువ్వు చెప్పిన పద్ధతుల కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన అంతా చదివి, "మీ తమ్ముడు గారు మాకు పని మిగల్చలేదండి" అన్నారు. నాకెంత గర్వమనిపించిందనుకున్నావు!

అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాం. డాక్టరు వచ్చి, ఇవాళ ఏ వారం, మీ ఊరి కాలవ ఎటు పారుతుంది అని నన్ను ప్రశ్నలడిగి చీటీ రాసిచ్చాడు. వాడు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేనే. హద్దులు రాశారు. ఏసుదాసు సంగతి ఒక్క వాక్యంలో రాశారు. విజయను వంటింట్లో కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టించాను. అది అప్పడాలు వేయించుకుంటూ కూర్చుంది.

సాక్షుల దగ్గరే కాస్త తడబాటు వచ్చింది. హెడ్మాస్టరు సత్తియ్య గారు వచ్చారు. రెండోవారు పాస్టరు గారు కావలసింది. ఆయన నరసాపురం వెళితే వరదకి రేవులో పడవలు ఆపేశారు, అవతలి ఒడ్డునే ఉండిపోయారు. ఇంకో రోజు పెట్టుకుందామంటే లేఖరి గారికి ఆ వారమంతా రాజోలులో పనులున్నాయట. అప్పుడు ఇశ్రాయేలు గుర్తొచ్చాడు. నమ్మకస్తుడు, ఊళ్ళోనే ఉంటాడు, చిన్నవాడు. నువ్వు చెప్పిన గుణాలన్నీ వాడి దగ్గరున్నాయి. అయినా అనుమానం ఉంచుకోకూడదని, అల్లుడు సంతకం పెట్టొచ్చునా అండీ అని లేఖరి గారిని అడిగాను. "ఆయ్, పెట్టొచ్చండి. మూడొందల వీలునామాలు రాసేనండి, సగం వాటిల్లో అల్లుళ్ళే సాక్షులండి" అన్నారు. ఇశ్రాయేలు చేతులు కడుక్కొచ్చి మరీ సంతకం పెట్టాడు.

కాగితం నా ట్రంకు పెట్టెలో ఉంది. ఆ రాత్రి విజయ నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఎందుకే అంటే, ఒక కాగితం మీద నాకు అమ్మ ఉందని రాశారమ్మా అంది. ఇది కూడా రాయనంటోంది. రాస్తావా లేదా అన్నాను.

ఏదైనా లోటుంటే చెప్పు. లేదంటే లేదని చెప్పు, నిశ్చింతగా ఉంటాను.

దానమ్మ


విజయనగరం,
12-9-1978

అక్కకు వందనాలు.

చదివి చాలా సంతోషించాను. ఏ లోటూ లేదు. సూర్యప్రకాశరావు గారు అనుభవజ్ఞుడిలా ఉన్నారు, నా నమస్కారాలు చెప్పు. ఇక దాని సంగతి మరిచిపోయి హాయిగా ఉండు. విజయకీ ఇశ్రాయేలుకీ నా దీవెనలు. క్రిస్మస్‌కి రావాలని ఉంది, పుష్పలత మోకాళ్ళు ఒప్పుకుంటే వస్తాం.

సాలమోను


విజయనగరం,
18-2-1979

అక్కకు వందనాలు.

క్రిస్మస్‌కి రాలేకపోయినందుకు నువ్వు చివాట్లు పెడుతూ రాయించిన ఉత్తరం చేరింది. పడ్డాను.

ఒక విషయం. నీ వీలునామా గురించి ఈమధ్య ఆలోచిస్తున్నాను. దాన్ని రద్దుచేసి మళ్ళీ కొత్తది రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం. పాత కాగితం కంటే కొత్త కాగితం ఎప్పుడూ మంచిది. నేనే స్వయంగా వచ్చి దగ్గరుండి రాయిస్తాను, సాక్షులను కూడా నేనే చూస్తాను. నేను వచ్చేదాకా ఆ కాగితం ఎవరికీ చూపించకు. కారణాలు ఉత్తరంలో రాసేవి కావు. వచ్చాక మాట్లాడుకుందాం.

వెనకటి వారం ఏసుదాసు ఏదో పెళ్ళికి వచ్చి ఇక్కడే రెండు రోజులున్నాడు. నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

ఎప్పుడు రమ్మంటావో వెంటనే రాయించు. ఆలస్యం చెయ్యకు.

సాలమోను


శివకోడు,
27-2-1979

తమ్ముడు సాలమోనుకి,

నీ ఉత్తరం చదివించుకున్నాను. వీలునామా మార్చవలసిన అవసరం నాకు కనబడలేదు. నువ్వే ఏ లోటూ లేదని రాశావు. ఆ ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది. ఇప్పుడు కారణం చెప్పకుండా రద్దు చెయ్యమంటున్నావు. ఏసుదాసు మీ ఇంట్లో రెండు రోజులుండడమూ, నీకు ఈ ఆలోచన రావడమూ ఒకేసారి జరిగాయి. దీని అర్థం ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

నువ్వు ఇందుకోసం ప్రయాణం పెట్టుకోవద్దు. విజయకు నేను తప్ప ఎవరూ లేరు. దాని నోటి దగ్గర కూడు తీసేవాళ్ళు ఎవరైనా నాకు తమ్ముడు కారు.

దానమ్మ


విజయనగరం,
6-3-1979

అక్కకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు నన్ను ఇలా అనుకుంటావని కలలో కూడా అనుకోలేదు. నీ చేతి ముద్ద తిని పెరిగినవాణ్ణి. సరే, నీ ఇష్టం. నీ ఆస్తి, నీ కాగితం. నువ్వు పిలిస్తే వస్తాను. పిలవకపోతే రాను.

సాలమోను


శివకోడు,
20-10-1979

మావయ్య గారికి,

విజయకుమారి నమస్కరించి రాయునది. అమ్మ పోయి నాలుగు నెలలు దాటింది. ఆదరణ కూటానికి మీరు వచ్చి, అమ్మ సమాధి దగ్గర ఎంతోసేపు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయారు. అన్నం కూడా తినలేదు. ఆ రోజు మిమ్మల్ని ఆపే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు ఒక అవసరం వచ్చి రాస్తున్నాను. మనవాళ్ళ వీలునామా చెల్లాలంటే జిల్లా కోర్టు చేత ఖాయం చేయించుకుని ప్రొబేటు తీసుకోవాలట, అందుకని రాజమండ్రిలో దరఖాస్తు పెట్టాం. దాని మీద ఏసుదాసు బావగారు అభ్యంతరం వేశారు. ఆయన వకీలు రాసిన కాగితం వారం కిందట అందింది. వీలునామాలో ఎవరికి ఆస్తి ఇచ్చారో వాళ్ళు గాని, వాళ్ళ భార్య గాని భర్త గాని సాక్షి సంతకం పెడితే, క్రైస్తవుల విషయంలో ఆ ఇచ్చినది చెల్లదట. హిందువుల వీలునామాలకి ఆ నిబంధన లేదట. మా ఆయన సంతకం ఉంది కాబట్టి నాకు రాసినది రాయనట్టే లెక్క అంటున్నారు.

మా ఆయన ఆ కాగితం చదివిన దగ్గరనుంచి బడికి వెళ్ళడం లేదు. తన కుడి చేతిని చూసుకుంటూ కూర్చుంటున్నారు. సూర్యప్రకాశరావు గారు కబురు తెలిసి రాజోలు నుంచి వచ్చారు. "నేను రాసినవన్నీ మావాళ్ళవేనమ్మా, మీ చట్టం వేరని నాకు తెలీలేదు తల్లీ" అని గుమ్మంలోనే నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

మీరు ఎన్నో ఏళ్ళు కోర్టులో చేసినవారు. ఇది నిజమేనా అండీ? ఏదైనా దారి ఉందా? ఉందన్నా లేదన్నా మీరు చెబితేనే నమ్ముతాను.

విజయకుమారి


విజయనగరం,
29-10-1979

చిరంజీవి విజయకు,

నిజమే. అరవై ఏడో సెక్షను. దారి లేదు.

ఈ రెండు ముక్కలూ నేను నీకు కాదు, నిరుడు ఫిబ్రవరిలో అక్కకు రాయవలసింది. నిరుడు కాదు, ఈ ఏడు ఫిబ్రవరిలోనే. చూశావా, ఇప్పుడు కూడా చేతికి వరస తప్పుతోంది. కొట్టివేయకుండా అలాగే పంపుతున్నాను.

నేను పనిచేసింది మున్సిఫ్ కోర్టులో. క్రైస్తవుల వీలునామాలు జిల్లా కోర్టుకు పోతాయి, మా దగ్గరకు రావు. నేను చూసినవన్నీ హిందువుల వీలునామాలే. వాటిల్లో అల్లుడు సంతకం పెట్టినా కొడుకు సంతకం పెట్టినా ఎవరూ అడగరు. నాకు తెలిసిందే చట్టమనుకున్నాను. అక్క అంత స్పష్టంగా ఇశ్రాయేలు పేరు రాయిస్తే, ఏ లోటూ లేదని జవాబిచ్చాను. క్రైస్తవుడినై ఉండి నా సొంత చట్టం నాకు తెలియదు.

జనవరి ఆఖర్న ఏదో పనిమీద వకీళ్ళ గదికి వెళ్ళాను. ఒక కుర్ర వకీలు ఇలాంటి కేసే చెబుతున్నాడు. మరొకరి కేసు అనుకుని వింటూ వింటూ ఉన్నవాణ్ణి, సగంలో లేచి ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఆ పుస్తకం నా బల్ల మీద పద్దెనిమిదేళ్ళు ఉంది.

అక్కకు రాయడానికి మూడు వారాలు పట్టింది. నాలుగు చిత్తు ప్రతులు రాశాను. నాలుగింటిలోనూ "నేను పొరపాటు చేశాను, సాక్షిని మార్చాలి" అనే వాక్యం ఉంది. సాపు రాసేటప్పుడు ప్రతిసారీ అది తీసేశాను. మన పేటలో మొదట కోర్టు ఉద్యోగం వచ్చినవాణ్ణి నేను. లేఖరి గారి ముందు అక్క నా కాగితం పెట్టి గర్వపడిందని రాయించింది చూడు, ఆ మాట నన్ను పట్టుకుంది. వెళ్ళి కొత్తది రాయించేస్తే ఎవరికీ తెలియకుండా పోతుందనుకున్నాను. ఏసుదాసుకీ నా ఉత్తరానికీ ఏ సంబంధమూ లేదు. వాడు వచ్చాడు కాబట్టి వచ్చాడని రాశాను.

అక్క అలా జవాబు ఇచ్చేసరికి నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే, కోపం వచ్చినందుకు కొంచెం సంతోషించాను కూడా. ఇక నా తప్పు చెప్పుకోనక్కర్లేదు, తప్పు ఆవిడదే అయింది. ఆ తరువాత మూడు నెలల టైముంది. పోస్టుకార్డు మీద పట్టే మాట. ఇవాళో రేపో పిలుస్తుంది, పిలిచినప్పుడు చెబుదామని కూర్చున్నాను. జూన్‌లో టెలిగ్రాం వచ్చింది. కూటం రోజున నీ మొహం చూడలేకపోయాను, అందుకే అన్నం తినలేదు.

మొన్న అమలాపురం వెళ్ళి ఏసుదాసును బతిమాలాను. "నేను లాక్కుంటున్నానా చిన్నాన్నా? చట్టం ఇస్తోంది" అన్నాడు. నా సగం మాత్రం నీ పేర రిజిస్టరు చేయిస్తాను, నెలాఖరుకి వస్తాను. రెండో సగం తిరిగి తేవడం నా చేతుల్లో లేదు. నన్ను నువ్వు క్షమించాలని అడగను. అక్క నన్ను తమ్ముడు కాదని పోయింది, ఆ మాట తిరిగి తీసుకునే మనిషి ఇప్పుడు లేదు. అది నాకు తగినదే.

సాలమోను


శివకోడు,
8-11-1979

మావయ్య గారికి,

మా ఆయన మళ్ళీ బడికి వెళ్తున్నారు. మీ ఉత్తరం ఆయన బడిలో ఉండగా వచ్చింది. వంటింట్లో నేలమీద కూర్చుని చదివాను. మీరు నిజం రాశారు కాబట్టి నేనూ రాస్తున్నాను. ఇది చదివాక మీరు మా ఇంటికి రానక్కర్లేదు, మీ సగం రాసివ్వనూ అక్కర్లేదు.

ఫిబ్రవరి ఇరవై ఏడో తేదీతో మీకు వచ్చిన ఉత్తరం అమ్మ చెప్పింది కాదు. అది నేను రాశాను.

అమ్మ చెప్పినది వేరే ఉంది. ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది, నేను మాట పొల్లుపోకుండా రాశాను, అమ్మ చేత సంతకం కూడా పెట్టించాను. మర్నాడు పోస్టుకని బయల్దేరి కాలవ గట్టు మీద ఆగిపోయాను. మీ ఉత్తరంలో కారణం లేదు. ఏసుదాసు బావగారు మీ ఇంట్లో ఉన్నారని ఉంది. కాగితం రద్దు చెయ్యమని ఉంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఎవరో ఒకరు నువ్వు ఆవిడ కన్నబిడ్డవి కావని గుర్తుచేస్తూనే ఉన్నారు. మీరూ వాళ్ళల్లో చేరిపోయారనుకున్నాను. అమ్మకి చూపు లేదు, తమ్ముడంటే ప్రాణం, మీరేం రాయిస్తే దాని మీద సంతకం పెట్టేస్తుందని భయం వేసింది. ఇంటికి తిరిగొచ్చి, అమ్మ నిద్రపోతుండగా, అదే తేదీ వేసి రెండో ఉత్తరం రాశాను. సంతకం నేనే గీశాను. చూపు లేని చేతి గీత కాబట్టి మీరు పోల్చలేరనుకున్నాను.

మీరు "పిలిస్తే వస్తాను" అని రాసింది అమ్మకి చదవలేదు. అది చదివితే నేను రాసిన దొంగ ఉత్తరం బయటపడుతుంది. అమ్మ రోజూ సాయంత్రం పోస్టుమాన్ సైకిలు చప్పుడు వినగానే తమ్ముడు రాశాడా అని అడిగేది. రాయలేదమ్మా అనేదాన్ని. ఏప్రిల్ దాకా అడిగింది. తరువాత అడగడం మానేసింది. ఒకసారి మాత్రం, "వాడికేదో కష్టం వచ్చిందే, లేకపోతే ఇన్నాళ్ళు ఉండడు" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. పోయే ముందు రెండు రోజులు మీ పేరే పలవరించింది. నన్ను కూడా మీరనుకుని ఒరేయ్ అని పిలిచింది.

నా ఇల్లు పోగొట్టింది మీరు కాదు, నేను. అది నాకు పెద్ద బాధ కాదు. మా అమ్మని తమ్ముడి మాట లేకుండా పంపించాను. మిమ్మల్ని అక్క ఛీ పొమ్మందని ఎనిమిది నెలలు నమ్మించాను. ఆవిడ అలా అనలేదు మావయ్య గారూ, ఒక్క ముక్క కూడా అనలేదు.

మా ఆయనకి రాత్రి చెప్పాను. పొద్దున్నే లేచి బడికి వెళ్ళారు. కోర్టు ఇంకా ఏ మాటా చెప్పకుండానే నిన్న ఏసుదాసు బావగారు కొలతల మనిషిని తీసుకొచ్చి ఇంటి మధ్యలోంచి తాడు లాగి కొలిపించారు. అమ్మ గది అటు పోతుందట. మీ సగం అక్కర్లేదని పైన రాశాను గాని, ఇద్దరు పిల్లలున్నారు. మీరు ఇస్తే వద్దనే ధైర్యం కూడా నాకు లేదు.

అమ్మ మీకు చెప్పిన అసలు ఉత్తరం ఇందులో పెడుతున్నాను. ఇది మీది. చదువుకోండి.

విజయకుమారి


శివకోడు,
27-2-1979

ఒరేయ్ సాలమోనూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి నవ్వొచ్చింది. నువ్వేదో పొరపాటు చేసి చెప్పలేక చస్తున్నావు, అవునా? చిన్నప్పుడు కాలవలో పలక పారేసుకొచ్చి, అక్కా, పాత పలకల కంటే కొత్త పలకలు బాగుంటాయంట అన్నావు చూడు, ఇప్పుడూ అలాగే పాత కాగితం, కొత్త కాగితం అంటున్నావు. అరవై ఏళ్ళొచ్చినా నీకు అబద్ధమాడ్డం రాలేదు, సంతోషం.

తప్పయితే ఏమైంది? నేను పురుళ్ళు పోసిన చేతులతో ఎన్ని తప్పులు చేశానో నా దేవుడికే తెలుసు. కారణం ఉత్తరంలో రాయొద్దులే, సిగ్గుపడతావు. వచ్చేయ్. ఆ కాగితం చింపుతావో పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. నువ్వు కొత్తది రాయి, సంతకం పెడతాను. నీది చదివి వినిపించకపోయినా పెడతాను.

విజయ గొంతు వణుకుతోంది, భయపడుతున్నట్టుంది. పిచ్చిదానా, మా తమ్ముడు నీకు అన్యాయం చేసేవాడు కాడే అని చెబుతున్నాను. ఇది కూడా రాయి అన్నాను, రాస్తోంది.

వచ్చే ఆదివారంలోగా రా. మరదలు రాలేకపోతే నువ్వొక్కడివే రా. ఏ బస్సుకి దిగుతావో ముందుగా రాస్తే ఇశ్రాయేలు రాజోలుకి ఎదురొస్తాడు.

నీ అక్క,
దానమ్మ